నానా బండికి 17 అంగుళాల దిఖావా



ఈసారి జహేజ్ మీద రాయడం లేదు. షాదీఖానా కిరాయిల మీదా కాదు. ఒక పాత కారు చక్రాల మీద రాస్తున్నా. "మియా, రాయడానికి ఇంకేం దొరకలేదా?" అనకండి. చివరిదాకా చదివి, ఇది చక్రాల ముచ్చటో మన ఇళ్ల ముచ్చటో మీరే తేల్చండి.

సంగతి ఇదీ. మా ఆపా కొడుకుకు నిఖా కుదిరింది. బారాత్ నానా కారులోనే పోవాలని వాడి జిద్. విని ఖుషీ అయ్యా. నానా అంటే మా అబ్బా. కారు అంటే 1975 మోడల్ ప్రీమియర్ పద్మిని, మీగడ రంగు. అబ్బా ఇంతెకాల్ అయి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి ఆ కారు ఆపా వాళ్లింటి రేకుల షెడ్డులో ఉంది. ఈద్‌కో బక్రీద్‌కో బయటికి తీసి, ఒక చక్కర్ కొట్టి, మళ్లీ లోపల పెట్టేవాళ్లం.

నిఖాకు ఇంకా నెల ఉందనగా చూడడానికి పోయా. కారు కింద 17 అంగుళాల అలాయ్ చక్రాలు! సగం నల్లగా, సగం అద్దంలా మెరుస్తూ. పైనేమో గుండ్రటి బుగ్గల పాత ఫియట్ ముఖం, కింద మొన్న షోరూంలోంచి వచ్చిన బండి కాళ్లు.

"కైసా హై మామూ?" అన్నాడు, కళ్లు మెరిపిస్తూ.

"పాత రిమ్ములేవి బేటా?" అన్నా.

"కబాడీకి ఇచ్చేసినా మామూ. కిలోకు 30. అన్నీ కలిపితే ఎనిమిది వందలు కూడా రాలే."

కొత్తవాటికి టైర్లతో కలిపి 62 వేలు. అందులో సగం కిస్తీల మీద.

ఆ రోజు నేను వాణ్ణి తిట్టలేదు. తిట్టాల్సింది ఎవరినో చివర్లో చెప్తా. ముందు నా వాదన సాఫ్‌గా పెడతా. పాత బండికి చక్రాలు మార్చుకోవచ్చు. షౌక్ గునా కాదు. కానీ ఆ బండి జవానీలో ఉన్నప్పుడు దాని కాళ్లకు ఏది తగిలించి ఉండేవాళ్లో, అదే వెయ్యాలి. బండి పుట్టిన కాలానికి సంబంధం లేని చక్రం వేస్తే అది సింగారం కాదు, బండికి అబద్ధపు గవాహీ చెప్పించడం.

మా అబ్బా సైకిల్ మిస్త్రీ. అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా దవాఖానా నుంచి నాలుగు అడుగులు లోపలికి పోతే ఒక గల్లీలో మా దుకాణం. ముందు పది కిరాయి సైకిళ్లు, లోపల మరమ్మత్ పని. ఆయన హునర్ అంతా చక్రం కట్టడంలోనే ఉండేది. మన పెద్ద సైకిళ్లకు ముందు చక్రంలో 32 స్పోకులు, వెనక చక్రంలో 40. బరువంతా వెనక పడుతుంది కాబట్టి వెనక ఎక్కువ. అబ్బా ఒక్కో స్పోకును వేలితో మీటి, చప్పుడు విని బిగించేవాడు. చక్రాన్ని తిప్పి, పక్కన సుద్దముక్క ఆనించేవాడు. సుద్ద ఎక్కడ అంటుకుంటే అక్కడ వంకర. "మనిషి ఝూట్ చెప్తాడు, పహియా చెప్పదు" అనేవాడు.

ఆయన చెప్పే ఇంకో ముచ్చట నేను తర్వాత పుస్తకాల్లో చదివి నిజమేనని తెలుసుకున్నా. మోటారు కార్ల తీగల చక్రం సైకిల్ దుకాణంలోంచే పుట్టింది. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో రడ్జ్ విట్‌వర్త్ అని ఒక సైకిల్ కంపెనీ ఉండేది. మధ్యలో ఒక్క నట్ విప్పితే ఊడివచ్చే కారు చక్రాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలోనే తయారుచేసింది వాళ్లే. దాని లైసెన్సు తీసుకుని ఇటలీలోని మిలాన్‌లో బొర్రానీ కంపెనీ 1922లో మొదలైంది. తర్వాత ఫెరారీల కింద మెరిసిన తీగల చక్రాలు వాళ్లవే. అంటే మా అబ్బా బిరాదరీ వాళ్ల చేతిపనే ఫెరారీ దాకా పోయింది. చక్రానికి కూడా ఖాన్‌దాన్ ఉంటుందని అందుకే అంటున్నా.

ఆ ఖాన్‌దాన్‌ను ఒకసారి వరుసగా చూడండి. మొదట గుర్రపు బగ్గీల నుంచి వచ్చిన చెక్క ఆకుల చక్రం. తర్వాత తీగల చక్రం. ఆ తర్వాత వత్తిన ఉక్కు రేకు చక్రం, చవక, గట్టి. మన అంబాసిడర్, ఫియట్, జీపు, అన్నీ ఈ ఉక్కు చక్రం బిడ్డలే. అల్యూమినియం చక్రం కొత్తదేం కాదు. బుగాటి వాళ్లు 1924లోనే తమ టైప్ 35 రేసు కారుకు వేశారు. కానీ మామూలు మనిషి కారుకు తగిలించుకునే అలాయ్ 1960లలో ఊపందుకుంది. ఇంగ్లండ్‌లో మినీ కార్లకు మినిలైట్, ఇటలీలో ఫియట్లకు క్రొమొడోరా. ఎనిమిది బలమైన ఆకులు, మసక వెండి రంగు లేదా తుపాకీ లోహం రంగు, 13 అంగుళాలో అంతకన్నా చిన్నదో. కాబట్టి "పాత కారుకు అలాయ్ అంటేనే తప్పు" అనే పెద్దమనుషులతో కూడా నాకు జగడమే. ఫియట్‌కు ఆ కాలపు ఎనిమిదాకుల అలాయ్ వేస్తే ఒప్పుకుంటా. అది 1975లో ఒక షౌకీన్ కుర్రాడు కల కని ఉండే చక్రం. మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద ఫియట్లు, హెరాల్డ్‌లు రేసులు పరుగెత్తిన రోజులవి. బండిని తనకు నచ్చినట్టు దిద్దుకోవడం మన దేశంలో అప్పుడూ ఉంది.

ఆ దిద్దుకునేవాళ్లకు అప్పుడొక హద్దు ఉండేది. ఆ హద్దు పెట్టింది బండే. ఎట్లాగో చెప్తా.

పద్మినికి కంపెనీ ఇచ్చిన టైరు 5.20-14. రిమ్ము 14 అంగుళాలది, సన్నది. టైరు గోడ ఎత్తు దాదాపు 125 మిల్లీమీటర్లు. మా భాంజా వేయించింది 205/40, 17 అంగుళాలది. లెక్క వేసుకోండి, దాని గోడ 82 మిల్లీమీటర్లు. మొత్తం చక్రం ఎత్తు రెండింటికీ సుమారుగా ఒకటే. అందుకే దుకాణంవాడు "కుచ్ నహీ హోతా భాయ్, సేమ్ సైజ్" అనగలిగాడు. కానీ ఆ గోడ ఊరికే ఉన్న రబ్బరు కాదు. అది బండికి మెత్తటి పరుపు. మన రోడ్డు గుంటల్లో పడే దెబ్బ ముందు అది తినాలి, తర్వాతే స్ప్రింగు, తర్వాతే బాడీ. పరుపు తీసేసి యాభై ఏళ్ల బండిని బండరాయి మీద పడుకోబెట్టారన్నమాట. కబాడీవాడి కాంటా మీదే నేను తూచి చూశా. టైరుతో కలిపి పాత చక్రం 14 కిలోలు, కొత్తది 19. ఒక్కో మూలకు 5 కిలోలు ఎక్కువ. ఆ బరువు డిక్కీలో పెట్టిన సామాను లాంటిది కాదు. ప్రతి గుంటలో పైకీ కిందికీ ఎగిరే బరువు. 1089 సీసీ చిన్న ఇంజను, నాలుగు మూలలా డ్రమ్ము బ్రేకులు, పవర్ స్టీరింగ్ లేదు. ఆ బండి అంత బరువు లాగాలి, ఆపాలి, తిప్పాలి.

కంటికి కూడా చూడండి. కొత్త అలాయ్‌ల ఆకుల మధ్య ఇంతింత సందులు ఎందుకుంటాయి? వెనక పెద్ద డిస్క్ బ్రేకు కనబడాలని. ఫియట్‌లో ఆ సందులోంచి కనబడేది చిన్న డ్రమ్ము. పెద్ద దేగ్‌లో చాయ్ గిన్నె పెట్టినట్టు. పాతకాలం చక్రాలకు సన్న కిటికీలు, మీద క్రోమ్ కప్పు ఉండేది. ఆ కాలం బ్రేకుకూ ఆ కాలం చక్రానికీ పొత్తు అట్లా కుదిరింది. ఒకటి మార్చి ఒకటి ఉంచితే పొత్తు చెడుతుంది.

ఇక అసలు ఖతర్నాక్ విషయం. నిఖాకు మూడు వారాల ముందు ట్రయల్ అని బయల్దేరాం. వాడు నడుపుతున్నాడు, నేను పక్కన, వెనక వాడి దోస్తులు ఇద్దరు. నయాపూల్ దాటి ఉస్మానియా దవాఖానా వైపు తిప్పేసరికి ముందు చక్రం దగ్గర ఖర్ర్‌మని చప్పుడు. టైరు పోయి మడ్‌గార్డు అంచుకు రాసుకుంటోంది. బండి పక్కకు ఆపించా. కింద కూర్చుని చూస్తే టైరు గోడ మీద గీత పడింది. ఇంకో ఫర్లాంగు పోతే చీలేది.

జాక్ పెట్టించి చక్రం విప్పించా. నేను మిస్త్రీ కొడుకును కదా, అంతటితో ఊరుకోలేదు. బోల్టులు కూర్చునే రంధ్రాలు గుండ్రంగా లేవు. ఆకురాయితో పక్కకు రాకి వెడల్పు చేశారు. బోల్టుల వలయం కొలత అని ఒకటి ఉంటుంది, పీసీడీ అంటారు. ఫియట్ ఖాన్‌దాన్‌లో చాలా బండ్లకు అది 98 మిల్లీమీటర్లు. బజారులో దొరికే చాలా అలాయ్‌లది 100. తేడా 2 మిల్లీమీటర్లే, కంటికి ఆనదు. కానీ 100 చక్రాన్ని 98 హబ్బుకు బిగిస్తే బోల్టు నేరుగా కూర్చోదు, వంకరగా కరుచుకుంటుంది. బిగించిన రోజు బిగిసే ఉంటుంది. నడిచేకొద్దీ తనంతట తనే లూజు అవుతుంది. ఆ బండిలో దుల్హా, దుల్హన్, వెనక సీట్లో ఒక ఖాలా, ఒళ్లో పిల్లలు. ఆలోచించండి.

ఆ దుకాణం పేరు రాయను. వాడొక్కడే కాదు. అడిగినవాడికి "హో జాతా" అనడం మన బజారు ఆదత్ అయిపోయింది. "నై హోతా" అనగల ఉస్తాదులు తగ్గిపోయారు. మా అబ్బా గిరాకీని వెనక్కి పంపేవాడు. "ఈ రిమ్ము ఈ సైకిల్‌కు కాదు, నక్కో" అని పంపేవాడు. ఆ "నక్కో" ఆయన రోజీలో బర్కత్ అని అమ్మీ అనేది.

కానూన్ ముచ్చట కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది ఇళ్లలో యాభై ఏళ్ల బండ్లున్నాయి. కంపెనీ ఇచ్చిన కొలతలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ బండ్లకు వేరే నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాడకం బండికి నంబరులో "వీఏ" అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఫీజు 20 వేలు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదన్నది షరతు. చక్రాల పేరు ఆ షరతులో విడిగా లేదు, నేను లేనిది చెప్పను. కానీ 17 అంగుళాలది పట్టించడానికి మడ్‌గార్డు అంచు కోసేస్తారు చూడండి, మా వాడికి దుకాణంవాడు ఇచ్చిన సలహా అదే. అక్కడ మీరు చక్రం దాటి బాడీ మీద చెయ్యి వేసినట్టు. 62 వేలు పెట్టి బండి అసలియత్ పోగొట్టుకోవడం ఏం అక్ల్?

ఇక నాతో వాదించేవాళ్ల మాటలు.

మొదటివాళ్లు, "పాత రిమ్ములు తుప్పు పట్టాయి, కొత్తవి సేఫ్" అంటారు. సగం నిజం. పగిలిన రిమ్ము, బోల్టు రంధ్రాల చుట్టూ చీలికలున్న రిమ్ము, తుప్పుతో పలచబడ్డ రిమ్ము ఎవరి యాద్‌గార్ అయినా సరే పారేయాలి. యాదుల కోసం ప్రాణం పెట్టమని నేననను. కానీ జవాబు అదే కొలతలో మంచి రిమ్ము వెతకడం. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. ఆ కాలం రిమ్ములు ట్యూబు టైర్ల కోసం చేసినవి. ట్యూబ్‌లెస్ టైరు అంచును పట్టి ఉంచే గట్టు వాటికి ఉండదు. రేడియల్ వేసినా లోపల ట్యూబు పెట్టించండి.

రెండోవాళ్లు, "మా పైసా, మా షౌక్, నీకేం?" అంటారు. సబబే. మీ కొత్త బండికి ఏమైనా వేసుకోండి, నేను తల తిప్పి కూడా చూడను. కానీ నానా బండి మీ ఒక్కరిది కాదు. అది అమానత్. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూశారా? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు ఇచ్చింది. 1911లో ఆయన ఇంతెకాల్ అయ్యారు, బండి కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఈద్ సెలవుల్లో మనం పిల్లల్ని తీసుకుపోయి దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతాం. రేపు ఎవరైనా దానికి మెరిసే కొత్త అలాయ్‌లు వేస్తే మనమే మొదట "తౌబా" అంటాం. నవాబు బండికైతే అదబ్, సైకిల్ మిస్త్రీ బండికైతే నై? ఎందుకు? రోల్స్ రాయిస్ నవాబు ఖజానాలోంచి వచ్చింది. మా పద్మిని 1988లో చిట్టీ ఎత్తిన పైసలతో, వేల చక్రాలు సుద్దముక్కతో సరిచేసిన చేతులతో వచ్చింది. నా లెక్కలో రెండోదే బరువైనది.

మూడోవాళ్లు పైసలున్న కలెక్టర్లు. "ఫ్యాక్టరీ నుంచి వచ్చింది తప్ప ఇంకేమీ వద్దు, బోల్టు మీద ముద్ర కూడా అసలుదే ఉండాలి" అంటారు. భాయ్, ఆ బండి మీకు అల్మారాలో పెట్టుకునే గాజు బొమ్మ. మాకు మనుషులు ఎక్కే బండి. ఆ కాలంలో మనుషులు రిమ్ముల అంచున క్రోమ్ రింగులు తొడిగారు, తెల్ల అంచు టైర్లు వేశారు, రిమ్ముకు బాడీ రంగు పూయించారు. ఆ సింగారం కూడా తారీఖ్‌లో భాగమే. షౌక్‌ను చెరిపేసి కంపెనీ కాగితాన్ని మాత్రమే ఉంచడం కూడా అరకొర గవాహీయే.

ఇంతకీ ఏం వెయ్యాలి? నా పైమానా సింపుల్. బండి తయారైన ఏడు నుంచి పదేళ్లు ముందుకు లెక్కపెట్టండి. ఆ పదేళ్లలో ఈ చక్రం, ఈ రూపం, ఈ పరిమాణం బజారులో ఉండేదా? ఉంటే హలో చెప్పండి, లేకుంటే సలాం కొట్టి వదిలేయండి. పద్మినికి 14 అంగుళాల ఉక్కు రిమ్ము, మంచి వెండి రంగు, క్రోమ్ కప్పు, షౌక్ ఉంటే చుట్టూ రింగు, తెల్ల అంచు. టైరు 155/80, 14 అంగుళాలది వేస్తే ఎత్తు దాదాపు పాతదే వస్తుంది. అలాయే కావాలంటే ఎనిమిదాకుల పాత నమూనా, 13 లేదా 14 అంగుళాలు, వెడల్పు 5 లేదా 5.5 దాటకుండా, మసక రంగులో. అంబాసిడర్‌ది 5.90-15, దానికి 15 దాటొద్దు. విల్లీస్ జీపుది 6.00-16, దాని సన్నటి టైరులోనే దాని మర్దానగీ ఉంది. వెడల్పాటి మెరుపు చక్రాలు వేస్తే కుస్తీ పహిల్వాన్‌కు హైహీల్స్ తొడిగినట్టే. తీగల చక్రం మాత్రం ఫియట్‌కు వద్దు. స్పోకులకు ఆశిక్ అయిన మా అబ్బాయే "అది వేరే ఖాన్‌దాన్ బండ్లది" అనేవాడు.

ఏది కొన్నా ముందు నాలుగు కొలవండి. బోల్టుల వలయం, మధ్య రంధ్రం, వెడల్పు, ఆఫ్‌సెట్. ఆఫ్‌సెట్ అంటే చక్రం హబ్బు నుంచి ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందనే లెక్క. బయటికి పొడుచుకొస్తే స్టైల్‌గా కనబడుతుంది. కానీ బేరింగ్ మీద గడ్డపార పెట్టి ఎత్తినట్టు బరువు పడుతుంది. "హో జాతా" అన్న దుకాణంలో కొనకండి. టేపు తీసి కొలిచిన దుకాణంలో కొనండి.

ఇక తిట్టాల్సింది ఎవరినో చెప్తానన్నా కదా. నన్నే.

1996లో నా నిఖా. అదే కారు, అదే బారాత్. అప్పటికి ఊరంతా మారుతీలు. మా ససురాల్ వాళ్లు ఏమనుకుంటారోనని నాకు షరమ్. పాత బండి, పాత కప్పులు. నేను పోయి నక్షత్రం ఆకారం ప్లాస్టిక్ కవర్లు నాలుగు కొనుక్కొచ్చి, క్రోమ్ కప్పులు పీకేసి అవి తగిలించా. అబ్బా చూశాడు. ఏమీ అనలేదు. ఆ ప్లాస్టిక్ కవర్లలో రెండు ఆర్నెల్లలోనే రోడ్డు మీద ఎక్కడో ఎగిరిపోయాయి. క్రోమ్ కప్పుల సంగతి నేను మళ్లీ అడగలేదు.

మా భాంజాను అడిగా, "ఎందుకు బేటా ఇవి వేయించినవ్?" అని. తల వంచుకుని చెప్పాడు, "లడ్కీవాలోంకీ తరఫ్ అందరివి కొత్త కార్లు మామూ. ఖటారా అంటే నానా ఇజ్జత్ పోతదని." వాడు నానా ఇజ్జత్ కోసమే చేశాడు. నేను 1996లో నా ఇజ్జత్ కోసం చేశా. వాడు నాకన్నా మేలు. కానీ పాతదంటే సిగ్గుపడాలని వాడికి నేర్పింది ఎవరు? ఇంట్లో అమ్మమ్మ రాగి దేగ్ అమ్మి నాన్‌స్టిక్ కొన్నది మనం. దాదా రాసుకున్న ఉర్దూ కాగితాలు అటక మీద చెదలకు వదిలింది మనం. గౌలీగూడ బస్టాండు హ్యాంగర్ ఉండేది గుర్తుందా? 1932లో నిజాం సర్కారు 27 బస్సులతో బస్సులు మొదలుపెట్టిన కాలం నాటిది. 2018 జూలైలో అది కుప్పకూలింది. ఆ ముందు ఎన్నేళ్లు దాని కింద నుంచి నడిచిపోయాం, ఒక్కరమైనా తల ఎత్తి దాని బోల్టులు చూశామా? ముంబైలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు చివరితో రోడ్డు దిగిపోయాయి. ఇక ఆ రిమ్ములు కొత్తగా ఎవరూ చెయ్యరు. కబాడీ కాంటా మీద కిలోకు 30 చొప్పున పోతున్నవి మళ్లీ రావు.

తర్వాత ఏమైందంటే, నేనూ మా వాడూ కబాడీవాడి దగ్గరికి పరుగెత్తాం. మా రిమ్ములు అప్పటికే లారీ ఎక్కిపోయాయి. ఆ వారం జుమ్మెరాత్ బజార్ గుజిరీలో పొద్దున్నుంచి తిరిగితే పద్మినివి అయిదు రిమ్ములు దొరికాయి. మావాడు మెరుపు ఎక్కువున్నది తీయబోతే ఆపి, దుకాణంవాడిని అడిగి ఒక సుద్దముక్క తెప్పించా. పాత హబ్బుకు తగిలించి తిప్పి, సుద్ద ఆనించి చూశాం. రెండు వంకర. ఒకటి సరిచేయించాం, ఒకటి వదిలేశాం. అలాయ్‌లు నష్టానికే వాపసు పోయాయి. కిస్తీలు మాత్రం వాడు ఇంకా కడుతున్నాడు.

కప్పుల కోసం అబ్బా పాత దుకాణం అటక ఎక్కా. సైకిల్ రిమ్ముల వెనక ఒక గోనెసంచి. లోపల పాత సియాసత్ పేపర్లలో చుట్టి, గ్రీజు పూసి, నాలుగు క్రోమ్ కప్పులు. 1996 నుంచి అక్కడే. నేను సిగ్గుపడి పీకేసినవి ఆయన తుప్పు పట్టకుండా దాచాడు. ఒక్క మాట అనకుండా.

బారాత్ ఆ చక్రాల మీదే పోయింది. తెల్ల అంచు టైర్లు, అబ్బా కప్పులు. ఎవరూ ఖటారా అనలేదు. దుల్హన్ వాళ్ల దాదా ఒకాయన లేచి వచ్చి, కప్పు మీద చెయ్యి పెట్టి, తన దగ్గర కూడా ఇదే బండి ఉండేదని చాలాసేపు నిలబడ్డాడు. మా భాంజా మాత్రం ఇప్పటికీ అంటాడు, "ఫొటోలో పెద్ద చక్రాలైతే ఇంకా బాగుండేది మామూ" అని. అననీ. వాడి పిల్లలకు ఆ ఫొటో చూపించే రోజు వస్తుంది, అప్పుడు మాట్లాడుకుంటాం.

మీ ఇంట్లో పాత బండి ఉంటే ఈ ఇత్వారం ఒక పని చేయండి. చక్రాలు విప్పి చూడండి, రిమ్ము ఎట్లుందో. అటక మీద గోనెసంచులు విప్పి చూడండి. కబాడీవాణ్ణి పిలిచేముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి.

ఖుదా హాఫిజ్.